సెల్లు కారిన కెమేరా

సెల్లు పెట్టే అర మూత తెరవగానే కూర్మయ్యకు రోగం తెలిసిపోయింది. రెండు పెన్సిల్ సెల్లూ కారి, స్ప్రింగు మీద పచ్చటి చిలుము పేరుకుంది.

"ఇరవయ్యేళ్లు సెల్లు తియ్యనేదా తల్లీ?"

"ఆయన ఏసినవి బాబూ. తియ్యబుద్ధి కానేదు," అంది చిన్నతల్లి.

రీలు కెమేరా బాగుచేసేవాడు శ్రీకాకుళంలో ఇంకా ఒకడున్నాడని తెలిసి, భావనపాడు నుంచి రెండు బస్సులు మారి వచ్చిందామె. భర్త ఎర్రన్న చేపల వేట లేని రోజుల్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. ఊరందరినీ తీశాడు. తాను మాత్రం ఏ ఫొటోలోనూ లేడు. ఒకనాడు సముద్రం మీదికి వెళ్లినవాడు తిరిగిరాలేదు. దానికి ముందురోజే చిన్నతల్లి కెమేరా లాక్కుని అతన్ని ఒక్క ఫొటో తీసింది. రీలులో అదే ఆఖరిది.

"పై బుధవారం నా కూతురు భరణి పెళ్లి. అది కడుపులో ఉండగా పోయాడు. నాన్న మొకం సూడనేదు. పీటలకాడ ఫొటో ఎట్టుకుంటాదట."

"అంత అందగాడేటి?"

"ముక్కొక్కటే బాగుంటాది. నువ్వు పని సూడు!"

కూర్మయ్య నవ్వాడు. దూదికి వెనిగర్ అద్ది చిలుము తుడిచాడు. గరుకు కాగితంతో రుద్దాడు. కొత్త సెల్లు వేశాడు. ఉలుకూ పలుకూ లేదు. మీటరు పెట్టి చూస్తే, స్ప్రింగు వెనకాల సన్నటి తీగ చిలుముకు తెగిపోయి ఉంది. కొత్త తీగ అతికించి, రీలు వెనక్కి చుట్టే మీట నొక్కాడు.

గిర్రుమంది.

చిన్నతల్లి బల్ల అంచు పట్టుకుంది. "అదే సప్పుడు బాబూ! పెళ్లిలో రీలయిపోతే ఇలాగే అరిసేది."

రీలు పూర్తిగా డబ్బీలోకి చేరాక కూర్మయ్య వెనక తలుపు తీశాడు. అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తలుపు లోపల, ఫిల్ము ఆనే చోట, కుంకుమ. ఒకదాని మీదొకటి పెట్టి పెట్టి అట్టకట్టిన బొట్టు.

"ఇదేటి?"

"దసరా బొట్టు. పనిముట్టుకి పూజ మానకూడదు కదా! పైనెడితే సెరిగిపోతాదని ఏటేటా తలుపు తీసి లోపలే ఎడతన్నాను. నా మొకానికి నేకపోయినా దీనికి తప్పనియ్యనేదు."

వెలుగు తగిలితే ఫిల్ము బతకదు. చుట్టలో అన్నిటికన్నా పైనుండేది ఆఖరి ఫొటోయే. మొదటి దసరా నాడే ఎర్రన్న ముఖం పోయింది.

"ఫొటో వస్తాదా?"

కూర్మయ్య డబ్బీని పిడికిట్లోకి తీసుకున్నాడు.

"ఈ ఎదవ సెల్లు కారి ఫిల్ముని తినేసినాయి తల్లీ. నీ తప్పేటీ నేదు."

చిన్నతల్లి పాత సెల్లకేసి చూసింది. సంచీలోంచి ఫోను తీసి, రికార్డింగు నొక్కి కెమేరా పక్కన పెట్టింది.

"ఆ సప్పుడు ఇంకోపాలి ఇనిపించు బాబూ. భరణికి అదైనా అట్టుకెళ్తాను."

కూర్మయ్య బొట్టు చెరగకుండా తలుపు మూశాడు. మీట నొక్కాడు. ఖాళీ కెమేరా గిర్రుమంది.