ఖాళీ మిగిలితే

రాగి సంకటి కెలికి, చేయి కడుక్కుని, రెబెకమ్మ సీసపు అక్షరాలు ఏరడానికి కూర్చుంది. పొయ్యి దగ్గరా మసే, ఇక్కడా మసే. ఆత్మకూరులో వాళ్ళ వసారాలోనే అచ్చుయంత్రం. చెన్నపట్నం నుంచి ఎద్దుబండి మీద దాన్ని తెప్పించినవాడు ఆమె మొగుడు వరదయ్య, వేదం చెప్పే ఉపదేశి. నెలనెలా తెచ్చే పత్రిక ‘గృహిణీ మార్గదర్శి’. మార్గం ఆయన చూపిస్తాడు, నడక ఈమెది. ఆయన కూర్చుంటాడు, ఈమె కూరుస్తుంది.

వరదయ్యకు పేర్లు పెట్టే మోజు. పుట పైన పెద్దక్షరాలు శిరస్సట, అడుగున వదిలే చోటు పాదమట, నడుమ సందు వీధట. శిరస్సు నిలిపేదీ, పాదం చదును చేసేదీ, వీధి ఊడ్చేదీ రెబెకమ్మే. వీటిలో ఒక్క పేరుకే ఆమెకు ఒళ్ళు మండుతుంది: పూరణ. ఆయన వ్యాసం అయ్యాక ఖాళీ మిగిలితే అందులో కూరేది పూరణ. రెబెకమ్మ ఏది రాసినా పూరణే. ఖాళీ మిగిలితే కదా.

ఈమధ్య రాసింది ఉదయగిరిలో ఉన్న అక్క రాహేలమ్మ మాట. కరువులో కాలువ తవ్వకానికి పోయి, అక్కడే చంటిబిడ్డ ఎస్తేరును పోగొట్టుకుంది. “బిడ్డను పూడ్చినాను. మళ్ళా తట్ట ఎత్తినాను. ఎవురూ ఏందని అడగలేదు మే” అంది. అన్నది అన్నట్టే రాసింది రెబెకమ్మ. పోయిన నెల కూర్చింది, ఖాళీ మిగలక విప్పింది. ఆదివారం ప్రార్థనకు వస్తానని అక్క కబురంపింది. చదువు రాదు, బిడ్డ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే చాలంది.

వరదయ్య కాగితాల కట్టతో వచ్చాడు.

“వ్యాసం కొంచెం పెరిగింది రెబెకా. ‘గృహిణికి ఓర్పు’ గదా, ఎంత రాసినా ఇంకా ఉండాది. మీ అక్కది తీసెయ్యి.”

“పోయిన నెలా అదే అన్నారు.”

“పూరణే గదా, పైనెల చూద్దాం. సర్దుకోవాల.”

లోపలి నుంచి అత్త కామమ్మ అందుకుంది. “ఆ సీసం ముక్కలు ఎక్కడికీ పోవులేమ్మే. ముందు వాడికి సంకటి పెట్టు. రాసి రాసి అలిసినాడు.”

రెబెకమ్మ పెట్టింది. ఓర్పు మీద ఆయన రాసేకొద్దీ ఆమె ఓర్పు అరుగుతోంది. సర్దు, సర్దు. గిన్నెలు సర్దు, గుడ్డలు సర్దు, ఆయన మాట పొడుగైతే అక్క ఏడుపు కురచ చేసి సర్దు. పేజీకో పేచీ పెట్టుకోవడం ఇష్టంలేక ఇన్నాళ్ళూ సర్దింది. ఓర్పు గురించి ఈ ఇంట్లో రాసేవారొకరు, పడేవారొకరు.

వరదయ్య తిని అనంతసాగరం బయల్దేరాడు. రెబెకమ్మ ఇనుప చట్రం ముందు కూర్చుంది. శిరస్సున పెద్దక్షరాల్లో ఎస్తేరు పేరు పెట్టింది. కింద అక్క మాటలు, ఊపిరాడేట్టు వరుసకూ వరుసకూ నడుమ సీసపు రేకులు వేసి, ఒక్క ముక్క తగ్గకుండా. అడుగున మిగిలిన చోట్లో మొగుడి వ్యాసం మొదలుపెట్టింది. చోటు అయిపోయిన దగ్గర ఆపింది. చట్రం బిగించి, సిరా పూసి, ఒక్కతే యంత్రం లాగింది.

పొద్దుగూకే వేళకు వరదయ్య వచ్చి, తీగ మీద ఆరేసిన కాగితం ఒకటి అందుకున్నాడు. కళ్ళు పైనుంచి కిందికి దిగాయి.

“ఇదేంది, నా వ్యాసం మొదలుకాకుండానే తెగిపోయినాది?”

“పూరణ గదండీ. ఎంత ఖాళీ మిగిలితే అంత” అని, ఆయన చేతిలోది తీసుకుని, అక్క కోసం విడిగా ఆరేసింది రెబెకమ్మ, ఎస్తేరు పేరు పైకి కనబడేట్టు.