అక్క రాసినట్టు లేదు

"నా బంగాళదుంపలకి కామా ఎందుకే?" అన్నాడు ఒమూర్బెక్, ఫోను వెనక్కి లాక్కుంటూ.

"దుంపలకి కాదు, నీ మాటకి," అంది అతని భార్య అసిల్‌కాన్. "ఎక్కడా ఆగకుండా రాశావు. కుక్క తరుముతుంటే పరిగెత్తుకొచ్చి చెప్పినట్టుంది."

"కొనేవాడు దుంప చూస్తాడు గానీ నా పరుగు చూస్తాడా?"

"ముందు నువ్వు రాసిందే చూస్తాడు. ఇటివ్వు, ఒక్క నిమిషం."

"నువ్వు దిద్దేలోపు వాటికి మొలకలొస్తాయి తల్లీ!"

రాసింది రాసినట్టే ఫోనులోని ఊరివాళ్ళ గుంపులోకి పంపేసి, టోపీ నెత్తిన పెట్టుకుని పొలానికి వెళ్ళిపోయాడు. అసిల్‌కాన్ తన ఫోను తీసి చూసింది. కామా లేదు, చుక్క లేదు. దాని కింద అప్పుడే ఇద్దరు మాకు కావాలంటే మాకు కావాలని రాశారు. వాళ్ళూ పెట్టలేదు.

అక్‌సూ గ్రామానికి కోడలిగా రాకముందు ఆమె నారిన్‌లో కిర్గిజ్ భాష చదివింది. పాఠం చెబుతుందనుకున్నారు. చెప్పలేదు. పెళ్ళి, ఆవులు, కూతురు, చలికాలానికి జాములు, ఇలా ఏళ్ళు గడిచాయి. ఆ చదువులో మిగిలింది ఒక్క అలవాటు. ఎవరేం రాసినా కన్ను ముందు తప్పు మీదే పడుతుంది. రాజధాని బిష్కెక్‌లో చదువుకుంటున్న కూతురు ఇప్పుడు తల్లికి బొమ్మలే పంపుతుంది. నవ్వే ముఖం, పువ్వు, పిల్లి. మాటలు పంపితే దిద్దుబాటు తిరిగొస్తుందని ఆ పిల్లకి తెలుసు.

ఆ ఇంట్లో ఆమె అలవాటు అవసరమైంది ఒక్కరికే, అత్తగారు సోనున్‌బూబూకి.

ఆపాకి, అంటే అత్తగారికి, చెవులు దాదాపు పోయాయి. ఫోనులో మాట్లాడితే హోరు తప్ప ఏమీ వినపడదు. అందుకని కొండల అవతల అత్‌బాషిలో ఉన్న తమ్ముడు జుమాదిల్‌తో రాతలోనే మాట్లాడేది. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఒక్క వేలితో మధ్యాహ్నమంతా రాసేది. పోయిన చలికాలం బంధువుల గుంపులో ఎవరి పెళ్ళికో దీవెన రాసి పెడితే, ఒక మేనకోడలు దాన్ని ఎత్తి పెట్టి, "ఇందులో పెళ్ళికూతురు ఎక్కడుందో కనిపెట్టినవాళ్ళకి బహుమానం" అని వేళాకోళం చేసింది. కింద వరసగా పగలబడి నవ్వే ముఖాలు. ముసలావిడ రెండు రోజులు ఫోను ముట్టలేదు. మూడో రోజు కోడలి దగ్గరికి తెచ్చింది.

"నువ్వు చదువుకున్నదానివి. పంపేముందు కాస్త శుభ్రం చెయ్యవే."

"మీ తమ్ముడికి రాసేవి కూడానా ఆపా?"

"వాడి పక్కన వాడి కోడళ్ళుంటారు కదే. చదివి నవ్వరూ?"

అప్పట్నుంచి రోజూ ఆ ఫోను కోడలి ఒళ్ళోకి వచ్చేది. ఆపా పక్కనే కూర్చుని ఊపిరి బిగబట్టి చూసేది. అసిల్‌కాన్‌కి ఆ సమయం ఇష్టం. ఇంటి కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోటితో పలకకూడదు. ఆ ఫోనులో మాత్రం అవన్నీ ఆమె వేళ్ళు పలికేవి, అదీ అచ్చుతప్పు లేకుండా. "ఈమధ్య ఆపా ఎంత చక్కగా రాస్తోందో!" అని బంధువులు మెచ్చుకుంటే పొయ్యి దగ్గర నిలబడి తనలో తానే నవ్వుకునేది. మెచ్చుకున్నది తననని ఎవరికీ తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదనుకునేది.

వేసవి చివర్లో జుమాదిల్ ఒక ప్రశ్న పంపాడు. "మన ఎర్రావు చెవి ఎలా తెగిందో గుర్తుందా అక్కా". ఆపా ఎగిరి గంతేసినంత పని చేసింది. సాయంత్రం దాకా రాసింది. చెవి, కంచె, కొరడా పట్టుకుని వచ్చిన నాన్న, తమ్ముణ్ణి గడ్డివాములో దాచిన సంగతి, ఆ గడ్డి వాసన, మధ్యలో ఎందుకో చచ్చిపోయిన గుర్రం, మళ్ళీ చెవి, చివర్లో నువ్వు తిన్నావా తిన్నావా అని రెండుసార్లు. ఎక్కడా ఆగలేదు. అసిల్‌కాన్ ఓపిగ్గా దిద్దింది. "కంచె తీగ తగిలి ఎర్రావు ఎడమ చెవి తెగింది. నాన్నగారు కోప్పడ్డారు. మీరందరూ క్షేమమని తలుస్తాను." చదువుకుని తృప్తిపడి పంపింది.

ఆ తర్వాత జుమాదిల్ రాయడం మానేశాడు.

ఆపా ఫోనును కిటికీలో పెట్టి, దాటిన ప్రతిసారీ తిప్పి చూసేది. "ఏమన్నా వచ్చిందేమిటే?" అని ఇల్లంతా వినపడేలా అడిగేది. అసిల్‌కాన్ తల అడ్డంగా ఊపేది. ముసలావిడ తిండి తగ్గింది. "నా వల్ల ఏం తప్పు జరిగిందో," అని ఆవుతో చెప్పుకోవడం కూడా కోడలు విన్నది.

దుంపల గొడవైన మర్నాడు, అసిల్‌కాన్ వాకిట్లో పుచ్చుదుంపలు ఏరుతుంటే గేటు ముందు ఓ కారు ఆగింది. అందులోంచి జుమాదిల్ దిగాడు. అటొకడు ఇటొకడు కొడుకులు పట్టుకున్నారు. తెల్లటి టోపీ కళ్ళమీదికి లాక్కుని, నడుము వంచి, చావింటికి వచ్చే మగవాళ్ళు ఏడ్చినట్టు బిగ్గరగా ఏడుస్తూ లోపలికి నడిచాడు.

"అయ్యో నా అక్కా! నన్నెత్తుకు పెంచిన అక్కా! ఒక్క పిడికెడు మట్టైనా వెయ్యనియ్యకుండా పోయావా అక్కా!"

అసిల్‌కాన్ చేతిలో దుంప జారిపోయింది. పక్కింటావిడ గోడమీంచి చూసి, ఏమీ అడక్కుండా తలగుడ్డ సవరించుకుని తనూ ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు పాల బకెట్‌తో ఆపా పశువుల కొట్టంలోంచి బయటికొచ్చింది. ఆవిడకి ఏడుపు వినపడలేదు. వంగిపోయిన తమ్ముడు మాత్రం కనపడ్డాడు. బకెట్ కింద పెట్టింది, మొహం తెల్లబోయింది.

"ఎవర్రా? ఎవరు పోయార్రా? నీ పెళ్ళామా?" అంటూ తనూ గుండెలు బాదుకుంది. "అయ్యో నా మరదలా! బంగారం లాంటి మరదలా!"

జుమాదిల్ తలెత్తాడు. ఏడుపు ఆగిపోయింది. అక్కని కిందనుంచి పైదాకా చూసి, దుంపల కుప్ప పక్కన నేలమీద కూలబడ్డాడు.

"బతికే ఉంది," అన్నాడు కొడుకులతో, తప్పు వాళ్ళదే అన్నట్టు.

"నేను పోతే పాలెవడు పితుకుతాడ్రా?" అంది ఆపా, సంగతి చెవిలో అరిచి చెప్పాక.

లోపల టీ పోస్తుంటే ఒమూర్బెక్ పొలంనుంచి పరిగెత్తుకొచ్చాడు. "అదేంటి మామయ్యా! నెల కిందట ఫోన్ చేస్తే బాగుందని చెప్పానుగా?"

"అదేరా నన్ను చంపింది! 'బాగానే ఉంది మామయ్యా, పాలు పితుకుతోంది, తర్వాత మాట్లాడతా' అని గబగబా పెట్టేశావు. చావు దాచేవాళ్ళు సరిగ్గా అట్లాగే అంటారు. మా నాన్న పోయినప్పుడు మా చిన్నాన్నకి నేనూ అట్లాగే అన్నాను. దూరాన ఉన్నవాడికి ఫోనులో ఎవరు చెబుతారు?"

"మరి రాతలు వస్తున్నాయిగా?"

"రాతలు చూసేగా వచ్చాను!" జుమాదిల్ ఫోను తీసి ఒమూర్బెక్ చేతిలో పెట్టాడు. "చూడు. మా అక్క పుట్టి బుద్ధెరిగాక మాట మధ్యలో ఊపిరి తీసుకోలేదు. ఇందులో రెండు మాటలకో చుక్క. 'క్షేమమని తలుస్తాను' అట! చెవి సంగతి అడిగింది పరీక్షకే. అది గడ్డివాము లేకుండా ఆ కథ చెప్పదు. ఇది అక్క రాసినట్టు లేదు, అక్క పోయింది, పిల్లలు నా ప్రాణం కోసం దాస్తున్నారు అన్నాను మీ అత్తతో. రాత్రుళ్ళు తనని లేపకుండా ఏడ్చాను."

ఒమూర్బెక్ భార్య వైపు చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడు. అసిల్‌కాన్‌కి నవ్వు రాలేదు.

"నేనే దిద్దాను తాతయ్యా," అంది. పెద్దల పేర్లు పలకరు కనుక ఆయన్ని అలాగే పిలుస్తుంది. "ఆపా రాసిచ్చేది. నేను శుభ్రం చేసేదాన్ని."

"నేనే ఇచ్చాను!" అని ఆపా గట్టిగా అడ్డొచ్చింది. పెదాల కదలికను బట్టి సంగతి పట్టింది. "దాన్నేమీ అనకు. నన్ను చూసి అందరూ నవ్వారు. అది నా పరువు కాపాడింది."

"నేనేమీ అనట్లేదక్కా." ముసలాయన కోడలి వైపు తిరిగాడు. గొంతు మెత్తబడింది. "బాగా రాశావమ్మా. కాయితం మీదైతే పెద్ద ఆఫీసరుకి కూడా పంపొచ్చు. అది సరే, అక్క రాసినవి ఎక్కడున్నాయి? అవి ఇప్పుడు పంపు. తీరిగ్గా చదువుకుంటాను."

అసిల్‌కాన్ టీ కెటిల్ కింద పెట్టింది.

"లేవు తాతయ్యా. అదే చోట చెరిపేసి రాసేదాన్ని."

"ఒక్కటి కూడా?"

"లేదు."

ఆయన సరేనన్నట్టు తలూపి, టీ తాగాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. చలికాలం నుంచీ ఆపా చెప్పుకున్నదంతా, ఆ గడ్డి వాసనా చచ్చిపోయిన గుర్రమూ, లోకంలో తను తప్ప ఇంకెవరూ చదవలేదు. తనూ సరిగా చదవలేదు. తప్పుల కోసం వెతికింది. ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే ఎక్కడ ఏ కామా పెట్టిందో గుర్తుంది గానీ ఆపా ఏమన్నదో సగం గుర్తు లేదు.

అతిథి వచ్చాడని గొర్రెను కోశారు. చీకటి పడకముందే పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టి అందరూ చుట్టూ కూర్చున్నారు. పెద్ద అతిథికి మర్యాదగా గొర్రె తల జుమాదిల్ ముందు పెట్టారు. ఆయన చెవి కోసి అక్కకి అందిస్తూ, "ఇదిగో ఎర్రావు!" అన్నాడు. ఆపా చిన్నపిల్లలా నవ్వింది. అక్కడ మొదలైన మాట ఆగలేదు. తమ్ముడు ఆవిడ చెవిలో అరవడం, ఆవిడ పదింతలు బదులు చెప్పడం. మధ్యమధ్యలో ఒమూర్బెక్, "ఏమే, ఇక్కడో చుక్క పెట్టు, మామయ్యకి ఊపిరాడట్లేదు!" అని భార్యని ఉడికించాడు. అందరూ నవ్వారు. అసిల్‌కాన్ తలుపు దగ్గర తన చోట కూర్చుని టీ పోస్తూనే ఉంది.

భోజనం సగంలో ఆపా అలవాటు ప్రకారం ఫోను తీసింది. తమ్ముడు వచ్చాడని బంధువుల గుంపులో రాసింది కాబోలు, పళ్ళెం మీదుగా కోడలికి చాచింది.

"చూడవే."

అసిల్‌కాన్ చెయ్యి చాపలేదు.

"ఇకమీదట నేను చూడను ఆపా," అంది. "మీ రాతలు మీవే. ఎట్లా రాస్తే అట్లా పంపండి."

ఆపాకి వినపడలేదు. ఫోను అలాగే గాల్లో పట్టుకుని ఉంది. ఒమూర్బెక్ నవ్వు మానేశాడు.

"ఏమంటోందిరా?" అంది ఆపా తమ్ముడితో.

అసిల్‌కాన్ మోకాళ్ళ మీద ముందుకు జరిగి, ముసలావిడ చెవి దగ్గర నోరు పెట్టి, ఆ ఇంటికి వచ్చాక ఎప్పుడూ ఎత్తనంతగా గొంతెత్తింది.

"నేనిక దిద్దను ఆపా! నేను దిద్దను!"