మహిమ మద్దమ్మ ఇంట్లో ఉన్నప్పుడు

కూతురు మహిమకు జబ్బు మొదలైనప్పటి నుంచి ఏసుమణి రాత్రిపూట కోడుమూరు దాటి ఎక్కడా ఉండలేదు. మహిమకిప్పుడు పదహారేళ్లు. బాగున్నప్పుడు చర్చిలో అందరికంటే గట్టిగా పాడుతుంది. బాగాలేనప్పుడు తలను గోడకేసి కొట్టుకుంటుంది, చేతికందింది విసిరేస్తుంది, రోడ్డు పట్టుకుని వెళ్లిపోతుంది. ఇది మనసుకొచ్చే జబ్బని, మాత్రలు ఆపకూడదని కర్నూలు డాక్టరమ్మ చెప్పింది. ఆపలేదు. అయినా ఎవరో ఒకరు ఎప్పుడూ కనిపెట్టి ఉండాల్సిందే. అందుకని ఏసుమణి, ఆమె భర్త దాసన్న వంతులేసుకుని కూలికి పోయేవారు.

మద్దమ్మ ఆసుపత్రి వరండాలో పరిచయమైంది. ఆమెది పత్తికొండ, టమోటా మార్కెట్టులో కాయలేరే పని. ఆమె కూతురు శివాని అరవదు, కొట్టదు. రోజుల తరబడి మాట్లాడదు, అన్నం ముట్టదు. ఆ పిల్లనూ ఒంటరిగా వదలడానికి లేదు.

ఏసుమణి అన్న కూతురు జెస్సీ పెళ్లి కుదిరిందని, తాను పోలేనని చెబితే మద్దమ్మే ఒక దారి చెప్పింది.

"నీ పాపను రెండు దినాలు నా కాడ ఇడిసిపెట్టు. ఇంకో తూరి నా పాపను నువ్వు సూసుకో."

"ఇల్లు పగలగొడ్తాదక్కా."

"పగిలేవి ఏముండాయి నా ఇంట్లో? అన్నీ స్టీలువే. మా ఇంటాయప్ప గూడా ఆ రెండు దినాలు పనికి పోడులే."

డాక్టరమ్మను అడిగితే మంచిదే, ముందు పిల్లకు అలవాటు చేయండి అంది. మద్దమ్మ కోడుమూరు వచ్చి మహిమతో రెండుసార్లు గడిపి వెళ్లింది. పెళ్లికి ముందురోజు మహిమను పత్తికొండలో దింపి, భార్యాభర్తలు కమలాపురం బస్సెక్కారు.

పెళ్లిలో అందరూ మహిమ ఏదని అడిగారు. వదిన విశ్వాసమ్మ మాత్రం, "ఎవురి కాడనో ఇడిసి ఎట్లొచ్చినావమ్మా, మనసెట్లొప్పింది?" అంది. ఏసుమణి బిరియానీ తట్ట పక్కన పెట్టేసింది. అంతలోనే ఫోన్ మోగింది.

"అన్నం తట్ట గోడకేసి కొట్టింది," అంది మద్దమ్మ. "ఇప్పుడు గదిలో తలుపేసుకుని ఏడుస్తాండాది. ఆ తలుపుకు గడియ లేదు, భయపడొద్దు. నేను ఈడనే కూసుండా."

"వచ్చేస్తానక్కా."

"రమ్మని ఫోన్ చేయలేదు నేను. నీకు తెలియాలని చెప్తాండా. పెండ్లి సూసుకో."

ఏసుమణి సంచి తీసుకుంది. దాసన్న అడ్డం వచ్చాడు.

"యాడికి? నువ్వు చేరేతలికి రాత్రయితాది. పోయి ఏం చేస్తావు? తలుపు ముందర కూసుంటావు. ఆయమ్మ కూసునే ఉండాది గదా."

"నీకేమప్పా, మొగోనివి!" అని ఏసుమణి ఏడ్చింది. కానీ పోలేదు. గంట తర్వాత మద్దమ్మ మళ్లీ చేసి, మహిమ బయటికొచ్చి నీళ్లు తాగిందని చెప్పింది.

మర్నాడు ఏసుమణి లేచేసరికి ఎండ బాగా ఎక్కింది. ఎవరూ లేపలేదు. పక్కన చేత్తో తడిమి, మహిమ లేదని గుర్తొచ్చి, మళ్లీ కళ్లు మూసుకుంది. అందుకు ఆమెకు సిగ్గేసింది. హాయిగానూ ఉంది.

పత్తికొండలో మహిమ తల్లి ముఖం చూడలేదు.

"నన్ను పారేసి పోయినారు."

"పారేస్తే మళ్లీ ఎందుకొస్తాం పాపా?"

బస్సు కోడుమూరు దగ్గర పడ్డాక మహిమ, "జెస్సీ అక్క ఏం చీర కట్టుకునింది?" అని అడిగింది. ఏసుమణి ఫోన్లో ఫొటోలు తీసి చూపించింది.

ఆ వారమంతా మహిమ మామూలుకంటే ఎక్కువ గొడవ చేసింది. ఏసుమణి ఒకసారి కూడా ఎదురు అరవలేదు. విసుగుపడి అరిచేంత అలసట ఈసారి ఆమెలో లేదు.

తర్వాతి నెల శివాని వచ్చింది. గోడకానుకుని కూర్చుంది, మధ్యాహ్నమైనా తట్ట ముట్టలేదు. మహిమ పక్కన కూర్చుని ఏదో చెబుతోంటే వింటున్నట్టూ లేదు. ఏం చేయాలో అడుగుదామని ఏసుమణి మద్దమ్మకు ఫోన్ చేసింది. మద్దమ్మ భర్త అయ్యన్న ఎత్తాడు.

"మద్దమ్మ పొద్దున్నుంచి పండుకోనే ఉండాదమ్మా. లేపాల్నా?"

"వద్దన్నా, పండుకోనీ."

ఏసుమణి ఫోన్ పెట్టేసి వచ్చి పిల్లలిద్దరి దగ్గరా కూర్చుంది. సాయంత్రం శివాని సగం దోసె తింది.