దిద్దియు దక్కని పంక్తి

వైశాఖమాస మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన గుంటూరు నగరమున మిర్చియార్డు మీదుగా వీచు ఘాటుగాలి ఇంజనీరింగు కళాశాల పరీక్షాగారము చొచ్చి అచ్చటివారినెల్ల తుమ్మించుచుండెను. ఏ కోల్డుస్టోరేజిలో మిరపబస్తాలకు చోటున్నదో రైతులకు దెలుపు సాఫ్టువేరును ఏడాది శ్రమించి నిర్మించిన మృణాళిని పరీక్షకుని యెదుట నిలిచియుండ సరిగా ఆ వేళకే అది మొరాయించెను.

కారణమామెకు క్షణములో బోధపడెను. ఆ ఉదయము సర్వరు చిరునామా మారినది గాన సెట్టింగుల ఫైలున ఒక్క పంక్తి దిద్దిన చాలును. పరీక్షకుడు దయదలచి పావుగంట గడువొసగెను. అది దాటెనా ఆమె పట్టము మరుసటి యేటి మాటయే.

దూరమందున్న ఆ సర్వరునకు మౌసు లేదు మెనూ లేదు. నల్లని తెరయు మీటలనే ఆజ్ఞలుగా గొని ఫైళ్లు దిద్దు వీఐ అను ఎడిటరును దక్క గత్యంతరము లేదు. దానిని నేర్చుకొనుడని ఆచార్య భుజంగరావు నోరు నొప్పిపుట్ట మొత్తుకొనగా తాతలనాటి వస్తువని నవ్వి అందుండి బయటపడు కిటుకు మాత్రము బట్టీపట్టిన విద్యార్థిబృందమున మృణాళినియే అగ్రగణ్య. తగిన శాస్తియే.

ఆమె మీటలు నొక్కగా అక్షరములు పడుటకు మారుగా ఉన్న పంక్తులు మాయమయ్యెను. కర్సరు కప్పవలె గంతులిడెను. పండ్లు కొరికి తానెరిగిన కిటుకుతో వెలువడి ఫైలును మరల తెరచి ఐ మీట నొక్కిన పిదపనే వ్రాయవలెనన్న గురువాక్యము స్ఫురింప ఎట్టకేలకు క్రొత్త చిరునామా వ్రాసెను. బయటపడబోగా మార్పులింకను భద్రపరుపబడలేదని ఎడిటరు హెచ్చరించెను. విసుగుతో కన్నుగానని ఆమె అది చదువక ఆ పాత కిటుకునే మార్పులెల్ల విడిచి వెలువడుమను ఆశ్చర్యార్థకముతో సహా ఠక్కున కొట్టెను. ఎడిటరు మారుపలుకక మూతపడెను. వ్రాసినదెల్ల దానితోడనే పోయెను.

గడువు తీరెను. సాఫ్టువేరు కదలలేదు.

“దిద్దావా అమ్మా?” అని పరీక్షకుడడిగెను.

“దిద్దానండీ. సేవ్ చేయలేదు” అని ఆమె బదులిచ్చెను.

ఆయన నిట్టూర్చి ప్రదర్శన విఫలమని వ్రాసి సంతకము చేసెను. ఆమెకు ఆయనపై కాదు తనపై తనకే ఒడలు మండిపోయెను.

వెలుపల వరుసలో తన వంతుకై వేచియున్న సహాధ్యాయి కౌస్తుభుడు ఆ ఎడిటరునుండి బయటికి వచ్చుటెట్లో చెప్పుమని బ్రతిమాలెను. మృణాళిని కన్నీరు తుడుచుకొని వానిని ఎగాదిగ చూచెను.

“బయటికి రావడం మనందరికీ వచ్చురా. రాసింది నిలబెట్టుకోవడం నేర్చుకో ముందు.”