ఆదివారం వచ్చే నీడ

ఆదివారమైతే అంజనా ఆంటీ పప్పూ రొట్టెలూ చేసేది. కెనడాలో, సర్రీలోని ఆ ఇంటి బేస్‌మెంట్‌లో ఉండే రూప పైకొచ్చి ఆంటీతో కలిసి తినేది. పదకొండు కాగానే ఆంటీ అన్న గోవిందసామి నీడ వచ్చి, గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చునేది. మనిషి జైల్లో ఉండేవాడు. ఆంటీ నీడ ముందు కూడా ఒక కంచం పెట్టేది.

కార్ల దొంగతనాలకి గోవిందసామి జైలుకెళ్లడం అది మూడోసారి. ముందు రెండుసార్లూ పెరోల్ మీద వదిలితే, నెలలు తిరక్కుండానే మళ్లీ దొరికాడు. అప్పట్లో నీడ ఇంటి మొహం చూసేది కాదు, పార్కింగ్ లాట్లలోనే తిరిగేది. మూడోసారి అతను ఎత్తుకెళ్లింది రూప కారు. రోజూ కాలేజీ అయ్యాక ఆమె అందులోనే ఫుడ్ డెలివరీ చేసేది. కారుతో పాటు పని పోయింది, పనితో పాటు ఉన్న గదీ పోయింది. కోర్టులో ఆ సంగతి విన్న ఆంటీ బయట ఆమె దగ్గరికొచ్చి, "మా ఇంట్లో ఉండమ్మా," అంది. ఆ ఏడు స్టూడెంట్స్‌కి గది దొరకడం గగనంగా ఉండేది. రూప వచ్చింది గానీ నీడని పలకరించలేదు. బాధితురాలిగా పెరోల్ హియరింగ్‌లో చదవడానికి, అతన్ని వదలొద్దని రెండు పేజీలు రాసుకుంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, రూప తను కొత్తగా కొనుక్కున్న పాత కారు వేడెక్కడానికి ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఫోన్ కోసం లోపలికెళ్లింది. ఊర్నుంచి వాళ్లమ్మ కాల్ వచ్చింది. మాటల్లో పడి కారు సంగతే మర్చిపోయింది. అరగంటకి గుర్తొచ్చి పరుగెత్తుకొస్తే, కారు అక్కడే ఉంది. నీడ డ్రైవర్ డోర్‌కి వీపు ఆనించి మంచులో నిలబడి ఉంది. ఆమెని చూడగానే పక్కకి తప్పుకుంది.

హియరింగ్‌లో రూప ఆ రెండు పేజీలూ చదివింది. ఒక్క మాట కూడా మార్చలేదు. తర్వాత, "ఇంకోటి చెప్పాలి," అని ఆ ఆదివారం జరిగింది చెప్పింది.

"నీడ ఎన్ని వారాలు వచ్చింది?" బోర్డు మెంబర్ అడిగాడు.

"ఏడాది నుంచీ. ఒక్క వారం కూడా మానలేదు."

గోవిందసామి తల వంచుకున్నాడు. బోర్డు వాళ్లు ఆరు నెలల డే పెరోల్ ఇచ్చారు. పగలు బయట తిరగొచ్చు, రాత్రికి నిఘా ఉండే వసతిలో, హాఫ్‌వే హౌస్‌లో ఉండాలి. రూలు ప్రకారం, బాధితురాలు ఉండే ఇంటి ఛాయలకి కూడా రాకూడదు.

ఆ ఇల్లు చెల్లెలిదే. ఆంటీ ఒళ్లో బ్యాగు సర్దుకుంది.

"నేను ఒప్పుకుంటే?" అంది రూప.

"రాసివ్వాలి."

రూప పెన్ను అడిగి తీసుకుంది. 'ఆదివారాలు రావచ్చు' అని రాసింది. కాస్త ఆగి, 'భోజనానికి' అని కలిపి సంతకం చేసింది.