సగం గుండు, చిన్న మెదడు

మునెయ్య మూడో తలకు నీళ్లు చల్లి, మెడ వంచి, కత్తి ఆడించాడు. కొండమీద కల్యాణకట్టలో పొద్దున్నే రద్దీ. పక్కవాళ్లు ఒక్కో తలమీద నాలుగు గీతలు గీసి, భక్తుణ్ణి అలాగే కూర్చోబెట్టి ఇంకో తల పట్టుకుంటారు. సగం గుండుతో ఎవడు ఎక్కడికి పోతాడని ధీమా. తిరుపతి క్షవరమన్న మాట ఊరికే పుట్టలేదు. మునెయ్య మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్క తలనూ సగంలో వదల్లేదు, ఒక్క నెత్తురు చుక్కా రానివ్వలేదు. ఆ రెండూ తప్ప ఆయనకు వేరే గొప్పలు లేవు.

నెల్లాళ్లుగా కుడిచెయ్యి మాట వినడం లేదు. చెవి దగ్గర ఆగమంటే చెవి దాటి పోతోంది. యుద్ధం మూలంగా సీమ నుంచి ఓడల్లో వచ్చే కొత్త కత్తులు దొరకడం లేదు కదా, తప్పు పాత కత్తిదో సానరాయిదో అనుకుని రెండు రాళ్లు మార్చాడు.

నాలుగో తల మద్రాసు డాక్టరు సౌందరరాజన్‌ది. కుడివైపు గొరిగి ఎడమవైపు రాగానే కత్తి గురి తప్పి, ఆయన భుజంమీది తుండుగుడ్డను చీల్చింది. డాక్టరు చప్పున తిరిగాడు.

"నా వేలు ముట్టుకో. ఇప్పుడు నీ ముక్కు."

మునెయ్య వేలు ముక్కు తప్పి చెంపకు తగిలింది. డాక్టరు అతని తల వెనక, మెడకు కాస్త పైన చెయ్యిపెట్టాడు.

"పెద్ద మెదడు కింద, ఇక్కడ, చిన్న మెదడుంటుంది. చెయ్యి ఎత్తమనేది పెద్దది. ఎంత దూరం పోవాలో, ఎక్కడ ఆగాలో సరిచూసేది ఇది. కుడిపక్క ఏదో పెరుగుతున్నట్టుంది, అందుకే కుడిచెయ్యి తప్పుతోంది. మద్రాసు రా." ఆసుపత్రికి చీటీ రాసి, మడిచి ఇచ్చాడు.

"ఆ సోటే పట్టుకోని ఇన్నివేల తలకాయలు వంచినాను సామీ. దాని కింద ఇంత పెత్తందారు ఉండాడని ఎవురూ చెప్పలా," అని మునెయ్య నవ్వాడు. నవ్వాడే గానీ లోపల భయం వేసింది.

ఎడమ సగం మిగిలింది. గొరిగితే తల తెగొచ్చు, వదిలితే ముప్పై ఏళ్ల పేరు పోతుంది. మునెయ్య కత్తి మూసి లేచాడు.

"కుప్పయ్యా, ఈ సామి తల నువ్వు ముగించప్పా."

పక్క పీటమీది కుప్పయ్య నోరు తెరిచాడు. "నువ్వా మామా, సగంలో వదిలేది?"

"మిగిలిన సగం ఎవురైనా గొరగొచ్చు. తెగిన తల ఎవురు అతికిస్తారు?"

మధ్యాహ్నం, మెట్లమీద ఎక్కడ తూలతాడోనని తోటివాళ్లు డోలీ ఎక్కిస్తే, "నేనేమన్నా పెండ్లికొడుకునా?" అంటూ దర్జాగా కొండ దిగాడు. మద్రాసు మాత్రం పోలేదు. అక్కడ తల కోస్తారని ఎవరో చెప్పారు. ఇన్నేళ్లు ఒకరి తల కోయనివాడు తన తల కోయించుకోవడానికి ఒప్పుకోలేదు. మామిడికాయలు దిగేలోపే చంద్రగిరి పక్కనున్న సొంతూళ్లో, నిద్రలో పోయాడు.

కబురు విన్న కుప్పయ్య ఆయన పీట ఎత్తి గోడకు చేర్చాడు. కింద డాక్టరు చీటీ ఉంది, మడత విప్పకుండా, అంచున కాసిని వెంట్రుకలు అంటుకుని.