తలుపు మీది నంబరు

మా ధాన్యం గోదాముకు వచ్చే ప్రతి ట్రక్కు తలుపు మీదా కంపెనీ పేరు, దాని కింద ప్రభుత్వం ఇచ్చిన నంబరు ఉండాలి. గేటు గదిలో కూర్చుని ఆ నంబరు కంప్యూటర్లో కొట్టి చూడడం నా పని. కంపెనీ ఎవరిది, తనిఖీలో ఎన్ని బండ్లు ఆపేశారు, ప్రమాదాలెన్ని, చావులెన్ని, అంతా ఒక్క పేజీలో వస్తుంది. పేజీ బాగుంటే గేటు ఎత్తుతాను, బండి కాటా మీదికి పోతుంది. పందొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నాను.

ఏప్రిల్లో లైల్ వొండ్రా చనిపోయాడు. రేమండ్ హ్రూబీ కంపెనీలో డ్రైవరు. నిండు లోడుతో బ్లూ నది వంతెన దగ్గరి పల్లంలోకి దిగుతుంటే బ్రేకులు పట్టలేదు. ట్రక్కుతో సహా నదిలో పడ్డాడు. బయటికి లాగేసరికి అతని కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. రాష్ట్రం రవాణా శాఖవాళ్లు వచ్చి హ్రూబీ మిగతా ఏడు బండ్లూ చూస్తే అయిదింటికి బ్రేకులు అరిగిపోయి ఇనుముకు ఇనుము రాసుకుంటోంది. ఆ నంబరు మీద ఇక ఒక్క బండీ తిరగకూడదని ఆర్డరు వేసి వెళ్లారు.

సెప్టెంబరులో మొక్కజొన్న కోతలు మొదలైన వారానికి ఎర్ర ట్రక్కు ఒకటి గేటు ముందు ఆగింది. తలుపు మీద తెల్లటి అక్షరాల్లో ‘లైల్ వొండ్రా రవాణా’ అని ఉంది. నంబరు కొత్తది. కొట్టి చూశాను. కంపెనీ పుట్టి మూడు నెలలు. తనిఖీలు సున్నా, ప్రమాదాలు సున్నా, చావులు సున్నా. యజమాని ఆర్డెల్ వొండ్రా. లైల్ భార్య.

ఆ ఎర్ర రంగు ఎండకు వెలిసిపోయింది. పాత అక్షరాలు ఊడబీకిన చోట మాత్రం వెలవలేదు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంటే తెల్ల అక్షరాల సందుల్లోంచి హ్రూబీ పేరూ, పాత నంబరూ ముదురు ఎరుపులో కనబడుతున్నాయి. కూడబలుక్కోకుండానే చదవొచ్చు. ఫోనుతో ఫొటో తీసి మేనేజరు డెల్బర్ట్‌కు చూపించాను.

“తలుపు మీదున్న నంబరు చూడమన్నాం. పీకేసిన నంబరు చూడమన్లేదు,” అన్నాడు.

బయట ముప్పై బండ్లు వరసలో ఉన్నాయి. గేటు ఎత్తాను.

ఆదివారం చర్చి అయ్యాక ఆర్డెల్ ఇంటికి వెళ్లాను. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బడి. వంటింటి బల్ల మీద గసగసాలు కూరిన కొలాచీ రొట్టెలు చల్లారుతున్నాయి. డ్రైవర్లకట, ప్రతి సోమవారం పంపుతుందట. లైల్ పోయిన రెండో నెలలో రేమండ్ వచ్చాడని, చచ్చిపోయినవాడి పేరు రోడ్డు మీద బతకాలన్నాడని, ఆర్డెల్‌నే యజమానిగా చూపించి కంపెనీ పెట్టించాడని చెప్పింది. శుక్రవారం శుక్రవారం కాగితాల కట్ట తెస్తాడు, ఆమె సంతకాలు పెడుతుంది. కట్ట చూపించమన్నాను. బండికో కాగితం. బ్రేకులు నేను స్వయంగా పరీక్షించాను, సవ్యంగా ఉన్నాయి అని అచ్చు వేసి ఉంది. కింద ఆమె గుండ్రటి చేతిరాత.

ఆ వాక్యం ఆమెకు చదివి వినిపించాను.

“నువ్వెప్పుడైనా ఆ బండ్ల కింద దూరి చూశావా?”

“రేమండ్ చూస్తాడుగా.”

“సంతకం నీది కదా ఆర్డెల్.”

ఆమె రొట్టెలన్నీ గుడ్డలో చుట్టింది. “ఆయన పేరుంది వాటి మీద. దారినపోయేవాళ్లు చదువుతారు. అది కూడా లేకుండా చేద్దామని వచ్చావా ఎమిల్?”

అయినా రేమండ్‌ను అడిగిందట. కోతల మధ్యలో ఏడుగురు డ్రైవర్లను ఇంట్లో కూర్చోబెడతావా అన్నాడట. లైల్ పేరు గీకడానికి తనకు చెయ్యి రాదనీ, కావాలంటే బ్లేడు ఇస్తాను నువ్వే గీక్కోమనీ అన్నాడట. ఆమె సంతకాలు మానలేదు.

ఆ ఎర్ర ట్రక్కు మళ్లీ వచ్చినప్పుడు ఆగాల్సిన గీత దగ్గర ఆగలేదు. ఇనుము గీసుకుంటున్న చప్పుడుతో ఇంకో బారెడు దూరం వచ్చి ఆగింది. ఆ రోజే ఫొటో రాష్ట్రం ఆఫీసుకు పంపాను. పంపితే రేమండ్‌ను పట్టుకుంటారనుకున్నాను.

ఆఫీసరు నెమ్మదస్తుడు. ఆర్డెల్ ఇంట్లోనే కూర్చుని, ఆమె ఇచ్చిన కాఫీ తాగి, కొలాచీ తిని, కాగితాలు ఒక్కొక్కటే ముందు పెట్టి ఈ సంతకం మీదేనా అని అడిగాడట. నాదేనంది. యజమాని మీరేనా అంటే నేనేనంది. రేమండ్ తాను జీతానికి పనిచేసే మెకానిక్కునన్నాడు. పనిలో పెట్టుకున్న కాగితం కూడా తీసి చూపించాడు. దాని కిందా ఆర్డెల్ సంతకమే.

ఇక తేలాల్సింది పాత కంపెనీ, కొత్త కంపెనీ ఒకటేనా అన్నది. నా ఫొటోతో అదీ తేలిపోయింది. రెండూ ఒకటేననీ, పాత నంబరు మీదున్న రికార్డంతా కొత్త నంబరులో కలపాలనీ రాశారు. కలిపారు.

ఆ ఉత్తరం పట్టుకుని ఆర్డెల్ గేటు గదికి వచ్చింది. తన పేజీ చూపించమంది. కంప్యూటరు ఆమె వైపు తిప్పాను. యజమాని ఆర్డెల్ వొండ్రా. బండ్లు తిప్పడానికి అనుమతి లేదు. ప్రమాదాలు ఒకటి. చావులు ఒకటి.

“ఈ ఒకటి ఎవరు?”

“లైల్.”

“నా బండిలో పోయాడని రాశారా?”

“రికార్డు ప్రకారం అంతే.”

“పేరు లేదే.”

“పేర్లు రాయరు. అంకె ఒక్కటే.”

ఆమె ఆ అంకె మీద వేలు పెట్టింది. తీయలేదు.

అప్పుడే ఆకుపచ్చ ట్రక్కు ఒకటి వచ్చి కిటికీ పక్కన ఆగింది. రేమండే నడుపుతున్నాడు. కిందికి వంగి లోపల ఆమెను చూశాడు.

“ఇవాళ కొలాచీలు తేలేదా ఆర్డెల్?” అన్నాడు. తర్వాత నాతో, “ఈసారి తలుపంతా రంగు కొట్టించానోయ్ ఎమిల్. తీసుకో ఫొటో. నున్నగా వస్తుంది.”

నంబరు కొట్టాను. కంపెనీ పుట్టి నాలుగు రోజులు. యజమాని లూడ్మిలా అని అతని డ్రైవర్లలో ఒకడి అమ్మమ్మ. తొంభై ఒకటో ఏడు. మా ఊరి వృద్ధాశ్రమంలో మంచం మీద ఉంది, కన్నబిడ్డలనే గుర్తుపట్టదు. తనిఖీలు సున్నా. ప్రమాదాలు సున్నా. చావులు సున్నా.

ఆర్డెల్ నా భుజం వెనక నిలబడి అన్నీ చదివింది.

“ఎత్తకు,” అంది మెల్లగా.

వెనక బండి హారన్ కొట్టింది. డెల్బర్ట్ తన గది అద్దంలోంచి చూస్తున్నాడు. పేజీ బాగానే ఉంది.

గేటు ఎత్తాను. ఆకుపచ్చ ట్రక్కు మా ముందు నుంచి వెళ్లి, ఇనుము గీసుకుంటూ, కాటా దాటి బారెడు అవతల ఆగింది.